రెండు వేళ్ళ సైగ

దతోంగ్ బొగ్గుగని,
1975 నవంబరు 9

మిత్రుడు లుయాన్ దెషెంగ్‌కి,

ఎనిమిదేళ్ళు నీ బంతులు పట్టి అరచేతులు వాచిపోయిన బియాన్ జింగ్‌హె రాయునది. ఇక్కడ మేం క్షేమం. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం టపాలో వెయ్యకుండా మా గని లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, దారిలో విప్పి చదివేవాళ్ళుండరు, కాబట్టి నోరు కట్టుకోనక్కర్లేదు.

బేస్‌బాల్ మళ్ళీ మొదలైందనీ, రాజధానిలో జట్టు కడుతున్నారనీ, బంతి పట్టడం నేర్పడానికి నన్ను రమ్మనీ రాశావు. బాగుందిరా! తొమ్మిదేళ్ళ కిందట ఆ ఆట దేశద్రోహం. ఇప్పుడు జపాన్ వాళ్ళతో ఆడాలి కనక దేశసేవ. నా గ్లవ్‌ని మా ఆవిడ ఎప్పుడో చెప్పుల అట్టలకి కోసేసింది. నిన్న నేను చలికాలం క్యాబేజీలు మోసింది ఆ చెప్పులేసుకునే. ఇంకా అరగలేదు.

అప్పట్లో మనిద్దర్నీ జనం ముందు నిలబెట్టి విచారించిన ఆ సభ సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. బేస్‌బాల్ అంటే ఏమిటో ఎరగని ఆ ఎర్ర పట్టీల విప్లవం కుర్రాళ్ళు మన సైన్యం జట్టు ఫొటో పట్టుకొచ్చారు. అందులో నేను గొంతుక్కూర్చుని నీకు రెండు వేళ్ళు చూపిస్తున్నాను. ఇది శత్రువుకి పంపే రహస్య సంకేతం కాదా అని నిన్ను నిలదీశారు. “సైగ చేసేవాడు బియాన్, నేను విసిరేవాణ్ణి, అర్థమేమిటో అతన్నే అడగండి” అన్నావు. అందులో అబద్ధమేముంది? ఒక వేలంటే తిన్నగా వేగంగా, రెండంటే వంపు తిప్పి విసరమని నువ్వు చెప్పినా నమ్మేవాళ్ళా వాళ్ళు? అసలు రెండు వేళ్ళు చూపిస్తే నీ మొహం మాడిపోయేది. నీకెప్పుడూ ఒక వేలే ఇష్టం.

నిన్ను పంపేశాక నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళి నాలుగు ప్రశ్నలడిగి వదిలేశారు. ఆ నెలే ఈ గనికి పంపారు. అంతే. దానికి ఇన్నేళ్ళూ నువ్వు తల దించుకు తిరగడమేమిట్రా, సిగ్గులేకపోతే సరి!

రావాలనే ఉంది. కానీ మోకాళ్ళు పట్టేశాయి, గొంతుక్కూర్చోలేను. ఆ పిల్లలకి నువ్వే నేర్పు. భయపడకుండా విసరమను.

నీ
బియాన్

తా.క. లుయాన్ బాబాయ్ గారూ, నేను ఆయన కూతురు వాన్‌చెన్‌ని. పై మాటలు నాన్నవి, రాత నాది. ఇక్కణ్ణించి రాసేది ఆయనకి తెలియదు. నాన్న మోకాళ్ళకి ఏ రోగమూ లేదు. రోజంతా గొంతుక్కూర్చుని, ఎడమ చేత్తో గని స్నానాల గది పొయ్యిలోకి బొగ్గు ఎగదోస్తారు. ఆ వెనక గదిలో నాన్న కుడి చెయ్యి బల్ల మీద పెట్టించి, మీ జట్టు బ్యాట్‌తోనే కొట్టారు. చూపుడు వేలు తప్ప మిగతావి కదలవు. కలం పట్టలేరు. మీ ఉత్తరం వచ్చిన రోజు ఆ చెప్పులు తుడిచి గుమ్మంలో పెట్టుకున్నారు. తెల్లారాక మళ్ళీ లోపల పెట్టేశారు. ఎందుకు వెళ్ళరు నాన్నా అని అడిగితే, ఈ చెయ్యి చూశాక వాడు మళ్ళీ బంతి ముట్టుకోలేడే అన్నారు. ఆయన రారు. మీరే ఒక్కసారి రండి. నాన్న కుడి చెయ్యి జేబులో పెట్టుకునే మాట్లాడతారు. బయటికి తియ్యమనకండి.