నీ పప్పు మీద నేను వేసిన నింద

పావనీ,

ఫోనులో చెప్పే ధైర్యం లేక అక్క ఆదోని నుంచి రాస్తున్న ఉత్తరం ఇది.

నిరుడు ఆఫ్రికా కందులు సుంకం లేకుండా దిగినప్పుడు, కౌతాళం గిడ్డయ్య తన కందులు ముందు నా కొట్టుకే తెచ్చాడు. ఓడలో వచ్చినవే చవకని తిప్పి పంపాను. "సముద్రం దాటొచ్చినదానికి సుంకం ల్యాదంట, పక్కూర్లో పండించినోడికి గిరాకీ ల్యాదంట. మేం యాడికి పోవాలమ్మా?" అన్నాడు. ఆయన అక్కణ్ణుంచి ఎమ్మిగనూరులో నీ కొట్టుకు వచ్చాడు. నువ్వు ఆ కందులు పప్పు పట్టించి, 'ఇది కౌతాళం పప్పు' అని బోర్డు పెట్టావు. ధర ఎక్కువైనా జనం నీ కొట్టుకే వచ్చారు. నా దగ్గర ఏళ్లుగా కొన్నవాళ్లు కూడా బస్సెక్కి నీ ఊరికి వస్తుంటే ఓర్వలేకపోయాను.

చుట్టాల పెళ్లిలో, నువ్వు కౌతాళం పప్పులో ఆఫ్రికా పప్పు కలుపుతావని నలుగురిలో అన్నది నేనే.

నిన్న గిడ్డయ్య నా కొట్టుకు వచ్చాడు. "మా పప్పులో కల్తీ ఉండాదని నువ్వే సెప్పినావంట. ఈ కొట్లో మీ నాయన ఉన్నప్పుడైతే పప్పు నోట్లో ఏసుకొని సూసి సెప్పేవాడు. నువ్వు సూడకుండానే సెప్తివి" అన్నాడు. నీ కొట్టు బోసిపోయిందనీ, నువ్వు బోర్డు తీసేశావనీ ఆయనే చెప్పాడు. వినగానే ముందు నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికే భయపడ్డాను.

ఆదివారం వస్తాను. నీ కొట్టులో అందరి ముందూ నిలబడి, అది అబద్ధమని నా నోటితోనే చెప్తాను. నీ మీద కుళ్లు మాత్రం ఇంకా పోలేదు పావనీ. అది పోయేదాకా ఆగితే ఎప్పటికీ రాలేను.

అక్క