ఎడమవైపు చలి

విన్నిపెగ్,
9 జనవరి 1986, ఉదయం.

అమ్మకు,

నువ్వూ, మార్తా అక్కా, బావా కులాసాగా ఉన్నారనీ, రోమన్ పాలు తాగి హాయిగా నిద్రపోతున్నాడనీ అనుకుంటున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. "మేము" అని రాయాల్సిన చోట "నేను" అని రాశానని నువ్వు ఈపాటికి కనిపెట్టే ఉంటావు. నాన్న ఒంట్లో బాగాలేదు. ఇంకో అరగంటలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. పక్కింటి స్తెపాన్ మావయ్య కారు వేడెక్కించే పనిలో ఉన్నాడు. మైనస్ ముప్ఫై నాలుగు, అది అంత తేలిగ్గా కదలదు. ఈలోగా ఇది రాసి మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిచ్చే ఏర్పాటు చేశాను, రాత్రికల్లా నీకు అందుతుంది. ఆసుపత్రి నుంచి ఫోన్ కూడా చేస్తాను. కానీ ఫోన్‌లో నేను సగమే చెబుతాను, నా సంగతి నాకు తెలుసు. మిగతా సగం ఇందులో ఉంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. బీట్‌రూట్ పచ్చడి సీసాలు ఒక్కటీ పగల్లేదు. పిల్లి బతికే ఉంది, పైగా బలిసింది. క్రిస్మస్ ముందురోజు భోజనానికి ఆనవాయితీ ప్రకారం పన్నెండు వంటకాలూ చేశావా అన్నావు. ఐదు చేశాను. ఆరోదిగా ఉప్పును లెక్కేసుకోమని స్తెపాన్ మావయ్యతో చెబితే, "మీ అమ్మ వింటే నిన్ను ఏడోదిగా వండుతుంది" అన్నాడు. ఇక నీ ఆఖరి ప్రశ్న. ఇల్లంతా సమంగా వెచ్చగా ఉందా, ఆ మాట ఫోన్‌లో అడిగితే నాన్న ఎందుకు నసిగాడు అని. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు.

నువ్వు బస్సెక్కిన వారానికి, నాన్న ముందు గదిలో తన కుర్చీలో కూర్చుని, "లెస్యా, ఈ ఎడమ రేడియేటర్ చచ్చిపోయింది" అన్నాడు. కిటికీ కింద, వేడినీళ్లతో గదిని వెచ్చబెట్టేది. లోపల గాలి చిక్కుకుందేమోనని దాని చిన్న తాళంతో మర వదులు చేశాను. ఒక్క బుడగ రాలేదు, నీళ్లే వచ్చాయి. చెయ్యి పెడితే చురుక్కుమంది.

"వేడిగానే ఉంది నాన్నా."

"నీది పుస్తకాల చెయ్యి. జరుగు."

ఎడమ చేతిని దానిమీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ పద్ధతి నీకు తెలియనిది కాదు. ముప్ఫై ఏళ్లు బడుల్లో బాయిలర్లు చూసిన మనిషి. కుడి చేతిలో పానా, తెలుసుకోవడమంతా ఎడమ చేతితో. వేడినీళ్లు వెళ్లే గొట్టాన్నీ, తిరిగొచ్చే గొట్టాన్నీ ముట్టుకుని ఈ గదికి ఎక్కువ పోతోంది, ఆ గదికి తక్కువ అందుతోంది అని చెప్పేవాడు. ఇన్నేళ్లలో ఏ థర్మామీటరూ ఆ చేతికి ఎదురు చెప్పలేదు.

"మంచుగడ్డ" అన్నాడు. నేను నమ్మాను.

బాయిలర్ దగ్గరున్న గదులు అడక్కుండానే తాగేస్తాయి, వాటి గొంతు కాస్త నొక్కితేనే దూరపు గదికి అందుతుంది, ఇది మనింట్లో అన్నం తిన్నంతకాలం విన్నదే కదా. వంటింటి వాల్వు పావు చుట్టు మూసి ఒక రోజు ఆగాను. "ఇంకా చలే" అన్నాడు. నా గదిది మూశాను. "ఇంకా చలే." తర్వాత స్నానాలగదిది, మీ గదిది. రోజుకో పావు చుట్టు. డిసెంబరు మధ్యకల్లా నా గదిలో మంచం పక్కన గ్లాసులో నీళ్లకు మంచు పొర కట్టింది. ముందు గదిలో కిటికీ గట్టు మీది కొవ్వొత్తి నడుం వంచి పడుకుంది.

ఆదివారం పేకాటకొచ్చిన స్తెపాన్ మావయ్య గుమ్మంలోనే స్వెట్టర్ విప్పేశాడు. "ఒరేయ్ ఒరెస్ట్, ఇది ఇల్లా, రొట్టెల బట్టీనా?"

"నీ ఒంటి మీద అంత కొవ్వుంటే నీకేం తెలుస్తుంది? ఈ పక్కంతా నన్ను కొరుక్కుతింటోంది."

"ఊళ్లో పిల్లలందరికీ వెచ్చదనం పంచిపెట్టావు, సొంతింట్లో ఒక్క గది కుదరట్లేదా? పని తెలిసినవాణ్ణి ఎవణ్ణయినా పిలవనా?"

ఇలాంటి మాటకు నాన్న మామూలుగా ఇంకో నాలుగు అంటిస్తాడు. ఆ రోజు ముక్కలు బోర్లా పెట్టేసి లేచిపోయాడు. మావయ్య నా వైపు చూశాడు, నేను టీ కప్పులు తీసే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు రెండు థర్మామీటర్లు తెచ్చి ముందు గదిలో రెండు రేడియేటర్లకూ కట్టాను. రెండూ డెబ్బై రెండు డిగ్రీలు. నాన్నకు చూపించాను. "కొన్నచోటే ఇచ్చెయ్" అన్నాడు.

డిసెంబరు ఇరవైన క్రిస్మస్ చెట్టుకు చోటు కోసం ఆ కుర్చీని ఇటునుంచి అటు తిప్పాను. కిటికీ ఇప్పుడు నాన్నకు కుడివైపుకొచ్చింది, పుస్తకాల బీరువా పక్కనున్న రెండో రేడియేటర్ ఎడమవైపుకొచ్చింది. కూర్చున్నాడు. కాసేపటికి ముఖం విప్పారింది.

"కిటికీ కిందిది బాగుపడిందే! ఏం చేశావు?" అన్నాడు. తర్వాత ఇటు తిరిగి, "ఇప్పుడిది పాడైంది" అన్నాడు.

నా చేతిలో చెట్టుకు తగిలించే నక్షత్రం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు. చలి గదిలో లేదమ్మా. కుర్చీతో పాటు తిరిగింది.

నాన్న నాకు రుజువు చూపించడానికి లేచి, ఎడమ అరచేతిని రేడియేటర్‌కు అదిమిపెట్టి మాట్లాడుతూనే ఉన్నాడు. రాయిలా ఉంది చూడు, వాల్వు లోపల బిగుసుకుపోయి ఉంటుంది, అంటూ. నేను ఆ చెయ్యి లాగేసరికి కందిపోయింది. సాయంత్రానికి బొబ్బలెక్కింది. దాన్ని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసి, "ఇది ఎక్కడ తగిలిందబ్బా?" అన్నాడు.

"నాన్నా, ఇది వాల్వు కాదు."

"వాల్వే."

"డాక్టర్ దగ్గరికి..."

"మీ అమ్మకు చెప్పకు. ఆవిడ వచ్చేస్తే అక్కడ మార్తా పసివాడితో ఒక్కతే అయిపోతుంది. చలికాలం పోనీ. మాటివ్వు." కుడి చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. నాన్న బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. సరే అన్నాను.

మాటిచ్చాను కాబట్టి దాచాను అని రాసి ఇక్కడితో ఆపేయొచ్చు. నువ్వు నమ్ముతావు కూడా. అది నిజం కాదు.

వాంకూవర్ నుంచి నవంబరులోనే నాకు ఉత్తరం వచ్చింది. ఒక పత్రికలో ఉద్యోగం, ఫిబ్రవరి మూడున చేరాలి. నువ్వు అక్క దగ్గరికి వెళ్లే హడావుడిలో ఉన్నావని చెప్పలేదు. నాన్నకు జబ్బు అని తేలితే నేను ఈ ఇంట్లో ఉండిపోవాలి. వాల్వు పాడైందంటే వెళ్లొచ్చు. అందుకని నాకు వాల్వే కావాల్సొచ్చింది. కుర్చీ తిప్పిన రోజు నుంచి నిన్నటిదాకా, తెలిసి తెలిసి, పానా పట్టుకుని బాయిలర్ గదికి దిగాను, ఎక్కాను. అక్కడి వాల్వులను ఇటు తిప్పి అటు తిప్పి, పైకొచ్చి "ఈసారి నయమా నాన్నా?" అని అడిగాను. "కొంచెం నయం" అనేవాడు. నా కోసం అన్నాడో తన కోసం అన్నాడో తెలియదు. ఆ ఒక్క మాటతో నాకు ఇంకో రోజు గడిచిపోయేది. కాలేజీలో నాకు నేర్పిందల్లా ఉన్నది ఉన్నట్టు చూడమనే. చూశాను. చూసి ఊరుకున్నాను.

నిన్న ఇక చేతకాలేదు. వాల్వులన్నిటినీ ఏనాడో నాన్న పెన్సిల్‌తో గీసిన గీతల దగ్గరికి తిప్పేశాను. మధ్యాహ్నానికి ఇల్లంతా ఒకటే వెచ్చదనం. వంటిల్లు, నా గది, మీ గది, ముందు గది, ఎక్కడ నిలబడినా ఇరవై డిగ్రీలు. ఇంత సమంగా ఈ ఇల్లు ఎన్నడూ లేదు. దాని మధ్యలో నాన్న ఎడమ భుజం మీద రెండు కంబళ్లు వేసుకుని వణుకుతూ కూర్చున్నాడు. తిప్పడానికి నాకింకేమీ మిగల్లేదు.

ఈ ఉదయం టీ కప్పు ఎడమ చేతిలోంచి జారి ఎడమ మోకాలి మీద పడింది. పొగలు కక్కే టీ. నాన్న కిటికీలోంచి మంచు చూస్తూనే ఉన్నాడు. తడి గుడ్డ వేసి డాక్టరుకు ఫోన్ చేశాను. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు. ఈసారి నిజం చెప్పాను. మెదడులో ఎక్కడో రక్తం ఆగి ఉంటుందట, ముందొచ్చింది చిన్నది, దాని వెనక పెద్దది రావచ్చట. ఈ చలికి అంబులెన్సులన్నీ బయటే ఉన్నాయి, ఎవరి కారు దొరికితే అందులో వెంటనే తెచ్చెయ్యి అన్నాడు.

ఆసుపత్రి అంటే నాన్న కదలడు. కొత్త వాల్వు కొనడానికి వెళ్తున్నాం, నువ్వు చూసి ఎంచాలి అన్నాను. ముఖం ఎంత వెలిగిందో! చూడలేకపోయాను.

నువ్వు రేపు పొద్దుటి బస్సుకు బయల్దేరు. అక్క దగ్గర ఉండటానికి బావను సెలవు పెట్టమను. నన్ను తిట్టాలనుకున్నవన్నీ దారిలో గుర్తుపెట్టుకో, దిగాక వింటాను. ఫిబ్రవరి మూడు సంగతి మాత్రం ఇప్పుడడక్కు. ఉండిపోతానని రాస్తే తప్పు కడుక్కుంటున్నట్టుంది. వెళ్తానని రాయడానికి చెయ్యి రావడం లేదు.

హారన్ వినిపిస్తోంది. నాన్న టోపీ పెట్టుకుని, బూట్లలో కాళ్లు దూర్చి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "పదవే, షాపులో మంచివన్నీ అయిపోతాయి" అంటున్నాడు. కోటు కుడి చేతికే తొడుక్కున్నాడు. ఎడమ సగం వెనక నేల మీద ఈడుస్తోంది.

"కోటు సరిగ్గా వేసుకున్నావా నాన్నా?"

"కనబడ్డంలా? నాదెప్పుడో అయింది. ఆలస్యం నీదే."

అమ్మా, ఆ చేతిని నేనే పట్టుకుని కోటులోకి దూర్చాలి. ఉంటాను.

ఇట్లు,
ఇరవై రోజులు నోరు మెదపని నీ చిన్న కూతురు
లెస్యా