ఇంటి పసుపు, అంగడి పసుపు

ఎల్లారెడ్డి
ఆదివారం

నా శ్రావణ్ బాపుకు,

నీ పేరు రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు, అందుకే కొడుకు పేరు పెట్టి ఇలాగే పిలుస్తున్నాను. అక్కడి ఎండలకు ఒళ్లెలా ఉందని ముందు అడగాలి. అడిగాననుకో. ఫోన్ చేస్తే నా పక్కన అత్తమ్మ ఉంటుంది, నీ పక్కన గదిలోని వాళ్లంతా ఉంటారు. మన వాడకట్టు పర్శరాములు సెలవు అయిపోయి మస్కట్‌కు తిరిగి వస్తున్నాడు కాబట్టి ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. ఒక్కడివే ఉన్నప్పుడు విప్పు.

మన పిల్లోడికి ఉన్నది బలహీనత కాదు. టానిక్ తాగిస్తున్నాను, తగ్గుతుంది అని ఇన్నాళ్లూ నీకు చెప్పినదంతా నిన్ను అక్కడ నిమ్మళంగా ఉంచడానికే. వాడి నెత్తురులో సీసం ఉంది. బండి బ్యాటరీల్లో ఉండే సీసమే. ఆ మాట కామారెడ్డిలో డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మా ఇంట్లో బ్యాటరీలు లేవు, బీడీలు చుట్టుకునే ఇల్లమ్మా మాది అన్నాను.

నిరుడు ఒకటో తరగతిలో పద్యాలు గడగడా చెప్పిన పిల్లోడు ఈ ఏడు అక్షరాల దగ్గర ఆగిపోతున్నాడు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. అంగీ గుండీలు పెట్టుకోవడం వచ్చినవాడికి ఇప్పుడు రావడం లేదు. కడుపునొప్పని మెలికలు తిరుగుతాడు, ఊరికే కోపమొచ్చి అన్నం పళ్లెం విసిరేస్తాడు. బడిలో సారు "మీవాడు మొండోడైండమ్మా" అన్నాడు. అత్తమ్మ దిష్టి అంది. దసరా సెలవులై బడి తెరిచిన రోజు వాడు ప్రార్థన వరసలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. అప్పుడు కామారెడ్డి తీసుకుపోయాను.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఎముకలకు కావలసిన సున్నానికీ సీసానికీ ఒంటికి తేడా తెలియదట. చుట్టమనుకుని లోపలికి రానిస్తుందట. పెద్దవాళ్లకూ చెరుపే గానీ చిన్నపిల్లల మెదడు ఇంకా అల్లుకుంటూ ఉంటుంది కాబట్టి అక్కడ చేసే నాశనం ఎక్కువట. ఒక నరం చెప్పే మాట ఇంకో నరానికి అందకుండా అడ్డం కూర్చుంటుందట. "తగ్గుతదా మేడం" అని అడిగాను. "ఇక ముందు లోపలికి పోకుండా ఆపితే కొంత తేరుకుంటాడు. పోయిందంతా తిరిగొస్తుందని మాత్రం నేను చెప్పలేను" అంది.

వాడు తినేవీ తాగేవీ అన్నీ అడిగింది. గిన్నెలు, కారం, పసుపు తెప్పించి పరీక్షకు పంపింది. సీసం పసుపులో దొరికింది. వాడికి ఎప్పుడూ జలుబని నేను రోజూ పాలల్లో కలిపి తాగించిన పసుపు. మా పుట్టింటి పసుపు. ఏటేటా సదాశివనగర్ నుంచి నన్ను కన్న మా అవ్వ మూట కట్టి బస్సులో పంపే పసుపు. దాన్ని చూసే కదా అత్తమ్మ "పుట్టింటి పసుపంటే గిట్లుండాలె, చెయ్యి వెడితే బంగారం అంటినట్టు" అని నలుగురికీ చూపించేది.

మా అన్న సంగతి, అదే నీ బావ సంగతి నీకు తెలుసు. రైతుల దగ్గర పసుపు కొమ్ములు కొని, డ్రమ్ములో వేసి తిప్పి, మెరుగుపెట్టి, దంచి, ప్యాకెట్లు కట్టి అంగడికి పంపుతాడు. మాసిన కొమ్ములకు మెరుపు రావడానికి ఆ డ్రమ్ములో పసుపుపచ్చటి పొడి ఒకటి చల్లుతారు. రంగు అంటారు దాన్ని. సీసం ఆ రంగులోనే ఉంది.

ఇంతవరకే అయితే తెలియక చేశాడులే అనుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. కానీ దసరాకు మా అన్న ఇంటికి పోయినప్పుడు వాళ్ల పోపుల డబ్బాలో పసుపు మట్టి రంగులో ఉంది. ఏంది వదినా గిట్ల మాసినట్టుందని అడిగితే, "ఇంట్లకు రంగెయ్యంది తీసి వెట్టుకుంటం" అంది, ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా. అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ మాట నన్ను పడుకోనివ్వడం లేదు. తన పిల్లలకు మంచిది, నా పిల్లోడికి విషం. తోడబుట్టినవాడు.

నేను అతన్ని అడగలేదు. అడిగితే అబద్ధం కూర్చుకునే వీలు ఇచ్చినట్టు. వచ్చే శుక్రవారం మా అన్న కూతురు పద్మప్రియ పసిబిడ్డను తొట్టెలో వేస్తున్నారు. మా ఇండ్లల్లో ఆ రోజు బాలింతకు మొదటి పసుపు పాలు మేనత్త కలిపి తాపాలి. అంటే నేను. కామారెడ్డి నుంచి దాని అత్తగారి వాళ్లంతా వస్తారు. నా ఇంట్లో మిగిలిన ఈ పసుపే తీసుకుపోయి, అందరి ముందూ మా అన్న కళ్లెదుట దాని పాలల్లో కలుపుతాను. ఆపాడా, తెలిసే చేశాడని తన నోటితోనే ఒప్పుకున్నట్టు. ఆపలేదా, కూతురు తాగుతుంటే చూస్తూ నిలబడతాడు. ఏదైనా నాకు సమ్మతమే.

నన్ను వద్దనకు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోతుంది కూడా.

పగతో,
నీ బాలలక్ష్మి


ఎల్లారెడ్డి
శనివారం

శ్రావణ్ బాపూ, నా అన్న పరువు తీసి వచ్చిన చేత్తోనే నీకు ఇది రాస్తున్నాను,

నిన్న అనుకున్నట్టే జరిగింది. అనుకున్నదాని కన్నా బాగా జరిగిందని కూడా అంటాను, నన్ను తిట్టుకో.

మామిడాకులు కట్టి, ఇంటి ముందు టెంటు వేసి మా అన్న గొప్పగానే చేశాడు. తొట్టెలో పసిదాన్ని వేశారు, పాటలు పాడారు, మా అవ్వ తొట్టె తాడు పట్టుకుని కూర్చుంది. నా వంతు వచ్చింది. వదిన వేడి పాలు తెచ్చి ఇచ్చింది. వాళ్ల పోపుల డబ్బా కూడా ముందు పెట్టింది. నేను దాన్ని పక్కకు జరిపి, నా సంచిలోంచి మూట తీసి, పద్మప్రియ మామకు వినబడేలా అన్నాను: "పుట్టింటి నుంచి నాకొచ్చిన పసుపే, నా కోడలికి నా చేత్తోని." కలిపాను. పాలు ఎంత పచ్చగా అయ్యాయో చూడాలి. ఆడవాళ్లు అబ్బ ఏం రంగు అన్నారు.

మా అన్న వియ్యంకుడితో నవ్వుతూ మాట్లాడుతున్నవాడు ఆ పాల వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"చెల్లె, ఆగు. ఇంట్ల పసుపుంది, అది కలుపు" అన్నాడు.

"ఇది ఇంటిది కాదా అన్నా? మూట మీరు కట్టి పంపిందే."

"చెప్తే ఇనవా, అది వద్దు."

నేను వినలేదు. గ్లాసు పద్మప్రియ పెదాల దగ్గర పెట్టాను. మా అన్న ఒక్క అంగలో వచ్చి గ్లాసు కొట్టేశాడు. పాలన్నీ పద్మప్రియ కొత్త చీర మీద పడ్డాయి. పసిది ఉలిక్కిపడి ఏడ్చింది.

"ఏంది మహేందర్, ఏమున్నది అండ్ల?" అని వియ్యంకుడు అడిగాడు.

మా అన్న కిందపడ్డ గ్లాసు తీయడానికి వంగాడు. జవాబు నేనిచ్చాను. శ్రావణ్ సంగతి మొదటి నుంచీ చెప్పాను, డ్రమ్ము సంగతి, రంగు సంగతి చెప్పాను. చివరికి మా అన్న కళ్లలోకి చూసి, "నీ బిడ్డకు వద్దన్నది నా కొడుకుకు ఎట్ల పంపినవు" అని అడిగాను.

"నీకు ఇంటి పసుపే పంపిన చెల్లె. నా కొడుకు మీద ఒట్టు."

"ఒట్టుకు కూడా రంగేసి చెప్తున్నవు" అన్నాను.

వియ్యాలవారు అన్నం ముట్టకుండా లేచారు. బాలింతనూ పసిదాన్నీ తమ బండిలోనే ఎక్కించుకుని కామారెడ్డి పోయారు. మా అన్న బండి వెనకాల గేటు దాకా పరుగెత్తాడు. వదిన నన్ను తిట్టిన తిట్లు నీకు రాయను, కొన్ని బాగానే ఉన్నాయి. మా అవ్వ మాత్రం ఖాళీ తొట్టె తాడు పట్టుకుని తల వంచుకుని కూర్చుంది.

అన్న ఆపకపోయి ఉంటే ఆ పిల్లను తాగనిచ్చేదానివా అని నువ్వు అడుగుతావు. నాకు తెలియదు. గ్లాసు పెదాల దాకా పోయినా నా చెయ్యి ఆగలేదు, అది మాత్రం తెలుసు.

సోమవారం ఈ పసుపు, డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలు తీసుకుని కామారెడ్డిలో కల్తీలు పట్టే ఆఫీసుకు పోతాను. ఆ డ్రమ్ము ఆగాలి. చాలా రోజుల తర్వాత నిన్న కడుపు నిండా తిన్నాను.

నీ బాలలక్ష్మి


ఎల్లారెడ్డి
బుధవారం

శ్రావణ్ బాపూ, ఈ ఉత్తరం కూర్చుని చదువు,

నా ఉత్తరం కన్నా ముందే కబురు తెలిసి నువ్వు ఆదివారం రాత్రి ఫోన్‌లో "పోనియ్, బావ ఇజ్జత్ పోయింది, ఇగ చాలు" అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను. ఆ రోజు మధ్యాహ్నమే ఒక సంగతి జరిగింది. ఫోన్‌లో చెప్పడం నా వల్ల కాలేదు.

మా అవ్వ బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచి. గడపలోకి రాలేదు, బయట అరుగు మీదే కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు. అత్తమ్మ పొరుగింటికి పోయాక అప్పుడు నోరు విప్పింది.

"నీ అన్న అబద్ధం చెప్పలే బిడ్డా. నీకని రంగెయ్యంది ఏటేటా తీసి పక్కకు వెడుతడు. మూట కట్టేటప్పుడు నేనే మార్చిన."

నేను నమ్మలేదు. ఎందుకు మారుస్తవు అన్నాను.

"నీ లగ్గంల ఒడిబియ్యం పోసేటప్పుడు యాదికున్నదా? ఇంటి పసుపే కలిపినం. మీ అత్త పిడికిట్ల తీసుకొని, ఏంది భూదవ్వా, బియ్యంల మట్టి కలిపినవా అన్నది. అందరు నవ్విండ్రు. నువ్వు తల కిందికేసినవు. అప్పటిసంది నల్ల పసుపు మూట కట్టాలంటె నా చెయ్యి రాలె. అంగడికి పోయే బస్తాల నుంచి మెరిసేది తీసి కట్టిన. రంగే కదా, మిఠాయిల రంగుండదా, కుంకుమల రంగుండదా అనుకున్న. నా బిడ్డ అత్తగారింట్ల తల ఎత్తుకొని ఉండాలె అనుకున్న."

ఆ నవ్వు నాకు గుర్తుంది. ఆ తర్వాత ఏడాది మూట విప్పినప్పుడు అత్తమ్మ ముఖం వెలిగిపోవడమూ గుర్తుంది. నా పుట్టిల్లు నా మాట నిలబెట్టిందని ఆ రోజు ఎంత మురిశానో.

తర్వాత అవ్వ నా కాళ్లు పట్టుకోబోయింది. "నన్నేమన్న చెయ్. వాని మీద కాయితం ఇయ్యకు. వాడు నీకు అన్యాయం చెయ్యలే" అంది.

నేను ఆ సాయంత్రమంతా ఆలోచించాను. అన్న నాకు మంచిదే పంపాడని తెలిసింది కదా, కోపం చల్లారాలి. చల్లారలేదు, ఇంకా ముదిరింది. నాకని మంచిది తీసిపెట్టాడంటే చెడ్డది చెడ్డదని తెలిసే కదా తీసిపెట్టింది. తన పిల్లలను తప్పించాడు, నా పిల్లోణ్ని తప్పించాననుకున్నాడు, మిగిలిన లోకాన్నంతా డ్రమ్ములో వేసి తిప్పాడు. అవ్వ ఆ మూట మార్చకపోయి ఉంటే మన శ్రావణ్ ఇప్పుడు పద్యాలు చెబుతూ ఉండేవాడు. నేను మా అన్న మిల్లు గురించి ఎల్లారెడ్డి అంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగేదాన్ని. సదాశివనగర్‌లోనో లింగంపేటలోనో ఏ తల్లో తన పిల్లోణ్ని మొండోడని కొడుతూ ఉండేది, నాకు తెలిసేదే కాదు.

సోమవారం పోయి ఫిర్యాదు కాగితం ఇచ్చాను. నిన్న వాళ్లు వచ్చి మిల్లుకు తాళం వేసి, బస్తాలూ ఆ పచ్చ పొడీ పట్టుకుపోయారట. కేసు పెడతారట. మా అన్న ఫోన్ చేశాడు. అతని గొంతులో కోపం లేదు, అదే నాకు ఒళ్లు మండించింది.

"నీకు మంచిదే పంపిన గద చెల్లె. నా మీద గింత పగ ఎందుకే?"

"నీ పసుపు కొనుక్కపోయినోళ్ల ఇండ్లకు పోయి చెప్పు ఆ మాట, నా చెల్లెకు మంచిదే పంపిన అని" అన్నాను. ఇక ఆ ఇంటితో నాకు రాకపోకలు లేవు. నువ్వు కలపాలని చూడకు.

అత్తమ్మకు కూడా చెప్పాను. లగ్గంలో అన్న మాట గుర్తు చేశాను. నాకు యాదికి లేదు అంది. రెండు రోజుల నుంచి పొయ్యి దగ్గరికి రావడం లేదు.

ఇక మా అవ్వ. తన మీద కూడా కాగితం ఇయ్యమంది, జైలుకు పోతానంది. ముసలిదానికి జైలు సుఖమే. నేను ఆమెను పంపలేదు. ఆమె సంచి లోపల పెట్టి, ఇక్కడే ఉండు అన్నాను. మనవణ్ని నువ్వే లేపు, నువ్వే అన్నం పెట్టు, అంగీ గుండీలు నువ్వే నేర్పు అన్నాను. వాడు ఒక్క గుండీ పెట్టుకోవడానికి ఎంతసేపు తంటాలు పడతాడో ఆమె కళ్లారా చూడాలి. పలక మీద అమ్మ అని రాయించి కాసేపటికి చదవమంటే వాడు ఎలా ఆమె మొహంలోకి చూస్తాడో చూడాలి. నిన్న బస్టాండుకు పోతానని లేచింది. సంచి ఇవ్వలేదు.

శ్రావణ్‌కు మాత్రం అమ్మమ్మ వచ్చినందుకు ఎంత సంబరమో. ఒళ్లోనే ఉంటున్నాడు. నిన్న వాడికి గుండీ పెడుతూ ఆమె ఏడుస్తుంటే వాడు నా దగ్గరికొచ్చి, "అమ్మా, అమ్మమ్మ ఎందుకేడుస్తుంది?" అని అడిగాడు. ఆమెనే అడుగు బిడ్డా అన్నాను. పోయి అడిగాడు. ఆమె వాడికి నిజమే చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు. వాడు అంతా విని ఆమె కళ్లు తుడిచాడు.

ఈ పొద్దున మరిచిపోయాడు. మళ్లీ పోయి అడిగాడు.

నీ బాలలక్ష్మి