చెయ్యెత్తని ఓటు

చిరంజీవి మోతీబాయికి ఆశీర్వచనములు.

కుడిమూల ఖాళీగా విడిచాను. ఊరి పేరు వ్రాస్తే దాని కింద రాష్ట్రం పేరు వ్రాయాలి. మన ప్రత్యేక రాష్ట్రం వచ్చిననాడు తేదీతో సహా నింపుతాను.

అమ్మా, పోయిన నెల నీవు యూనివర్సిటీ నుండి మహబూబాబాద్ దగ్గరి మీ తండాకు పోతూ జనగామలో దిగి మా ఇంటికి రావడం నా అదృష్టం. ఐక్యరాజ్యసమితిలో మన దేశం ఎవరితో కలిసి ఓటు వేసిందో, ఎవరికి ఎదురు నిలిచిందో నీవు వేసిన పట్టికలు చూపావు. వేదికమీద తిట్టుకొనే దేశాలు కూడా ఓటు దగ్గర ఎన్నోమార్లు ఒకే వైపున ఉంటాయన్నావు. నేను నమ్మలేదు.

“మాట గాదు సార్, చెయ్యి జూడాలె,” అన్నావు.

పరీక్షిద్దామని మా విశ్రాంత ఉపాధ్యాయ సంఘం తీర్మానాల పుస్తకం నీ ముందు పెట్టాను. కార్యదర్శిగా అందులో ప్రతి అక్షరమూ నాదే. ఆ గర్వమూ ఉంది. నీవు నలభై ఆరు తీర్మానాలూ లెక్క తీశావు.

“మీరు, వెంకట్రాం సారు నలభై అయిదింటిల ఒక్కతీరే ఉన్నరు. గాయినతోనేనా ఏడాది సంది మాటల్లేవు?”

మిగిలిన ఆ ఒక్కటీ, ఉద్యమానికి మద్దతుగా మా ఉత్తమ ఉపాధ్యాయ పతకాలను ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలన్న తీర్మానం. అప్పుడు నీవు మెల్లగా అడిగావు: “చెయ్యి ఎత్తనోళ్లను యాడ రాసిన్రు సార్? మా పట్టికల వాళ్లకు వేరే గడి ఉంటది.”

మా పుస్తకంలో గడులు రెండే. ఆనాడు నా పాత స్నేహితుడు వెంకట్రాం ఏ పక్కా చెయ్యెత్తలేదు. అతణ్ణి ‘వ్యతిరేకం’లో వ్రాసినవాణ్ణి నేను. నలభై మంది ముందు ‘ద్రోహి’ అన్నవాణ్ణీ నేనే. నాటినుండి అతణ్ణి దీక్షా శిబిరానికి ఎవ్వరూ పిలవలేదు. నీ వ్యాసాలలో నేను ఎర్రసిరాతో దిద్దిన తప్పులేవీ ఒక మనిషిని వెలివేయలేదమ్మా. నా తప్పు ఆ పని చేసింది.

నిన్న ఆటోలో పాలకుర్తి వెళ్ళాను. వెంకట్రాం అరుగుమీద పత్తిగింజలు ఏరుతున్నాడు.

“ఆనాడు చెయ్యెందుకు ఎత్తలేదు?” అన్నాను.

“ఇయ్యాల యాదికచ్చిందా పంతులూ, అడగాలని? పతకం నా తాన లేదు. నేను సదువు సెప్పిన మొగుళ్లపల్లి బడిపోరగాండ్లకు ఎప్పుడో ఇచ్చిన. లేనిదాన్ని ఇస్తనని చెయ్యెట్ల ఎత్తాలె?”

“అప్పుడే చెప్పవలసింది.”

“సెప్పనిచ్చినవా? నీ నోటికి బ్రేకులున్నయా?”

నా మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. అతడు చేతిలోని గింజలు చాటలో వేశాడు.

“నలభై మందిల అన్నవు. అరుగుమీద తీసుకుంటవా?”

అతని భార్య కమలాదేవి మాత్రం నాకు చాయ్ ఇచ్చింది. ఆ ఇంటి చాయ్ తాగి ఏడాది దాటింది. నీవు ఆ ప్రశ్న వేయకుంటే, నేను సత్యవంతుణ్ణనే ధీమాతోనే పోయేవాణ్ణి. నీకు ఋణపడి ఉన్నాను.

వచ్చే ఆదివారం శిబిరంలో మా సంఘం వంతు. వెంకట్రాం వస్తానన్నాడు, దూరంగా నిలబడతాడట. నీవూ రావాలి. ఈ ఉత్తరం నేనే చదివితే నడుమ నడుమ సంజాయిషీలు చేరుస్తాను. నా స్వభావం నాకు తెలుసు. కనుక నీవే మైకు ముందు నిలబడి, ఒక్క అక్షరమూ విడువక, వెనక నిల్చున్నవారికి కూడా వినబడేటట్లు చదువు తల్లీ.

ఇట్లు,
నీ తెలుగు పంతులు,
అనుముల సోమనర్సయ్య