గుమ్మడికాయకు ఎనభై వేలు

9 నవంబర్ 2025, ఆదివారం

లిడియా ఫోన్ చేసింది. నా చెల్లెలు రూతమ్మ కూతురు. ఇంగ్లండులో, కోవెంట్రీలో, ఎంఎస్సీ. చేరి రెండు నెలలు. వారానికి ఇరవై గంటలు ఒక ఏజెన్సీ ద్వారా వృద్ధాశ్రమంలో పని. నేను నిజామాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను కాబట్టి ఆ పిల్ల ఖర్చులకు ఆడిటర్‌ని. ఎవరూ నియమించలేదు. నేనే అయ్యాను.

నలుగురు ఒక గదిలో ఉంటున్నారు. బస్ పాస్ మానేసి నడుస్తోంది. సాయంత్రం సూపర్ మార్కెట్‌లో పాతబడబోయే బ్రెడ్ మీద పసుపు స్టిక్కర్ వేస్తారట, దానికోసం కాచుకుంటుంది. నిజామాబాద్ జిల్లా పిల్లకు పసుపు అంటే ఇప్పుడు సగం ధర.

ఒక రెస్టారెంట్ వాడు చేతికి క్యాష్ ఇస్తా, రాత్రుళ్లు రమ్మంటున్నాడట. సగం కూలి. ఆ ఇరవై గంటల రూల్ దాటితే వీసా పోతుంది, అది చదువుకున్న వెట్టి అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. సరే మామా అంది. ఆ పిల్ల అంత త్వరగా సరే అంటే నాకు అనుమానం.

ఫీజు చివరి వాయిదా డిసెంబర్ 5 లోపు కట్టాలి. నాలుగు లక్షలు. కట్టకపోతే యూనివర్సిటీ పేరు కొట్టేస్తుంది, వీసా పోతుంది. మోస్రా దగ్గర అరెకరం అమ్మగా మిగిలింది సరిగ్గా అంతే ఉంది, రూతమ్మ ఖాతాలో. రూతమ్మ అంగన్‌వాడీ టీచర్. బావ పోయి నాలుగేళ్లు. ఆ డబ్బు ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాను.

13 నవంబర్, గురువారం

కాలేజీకి వెళ్లే దారి పొడవునా హోర్డింగులు. నల్లగౌను వేసుకుని టోపీలు ఎగరేస్తున్న పిల్లలు. యూకే, ఐర్లాండ్, జర్మనీ. ఒకప్పుడు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ సైరన్ విని జనం పనికి పోయేవారు. సైరన్ ఆగిపోయింది. చెరుకు వేసిన చేలల్లో వరి వేశారు, వరి గిట్టక చేనే అమ్మి పిల్లల్ని పంపుతున్నారు. దీన్ని అభివృద్ధి అని స్టాఫ్ రూములో ఒకడు అన్నాడు. నేను ఊరుకోలేదు. టీ చల్లారిపోయింది.

నా వ్యాసాల పుస్తకానికి ప్రెస్ వాడు తొంభై వేలు అడుగుతున్నాడు. దాచి పెట్టాను. విషయం: భక్తి ఎలా మార్కెట్ అయింది. ఆరేళ్ల పని.

16 నవంబర్

లిడియా ఫోన్ ఎత్తలేదు. "షిఫ్ట్" అని ఒక్క మాట మెసేజ్.

23 నవంబర్, ఆదివారం, సాయంత్రం 5

ఇవాళ మా ఊరి చర్చిలో పంటల పండుగ. బోధన్‌కు ఆనుకునే మా ఊరు. నేను చర్చి మానేసి ముప్పై ఏళ్లు, ఆ పండుగ మాత్రం మరిచిపోలేదు. ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి ముందు పెడతారు. వడ్లు, చెరుకు గడలు, కోడి, గుమ్మడికాయ. ఆరాధన అయ్యాక హర్రాజు. నలభై రూపాయల గుమ్మడికాయకు నాలుగు వేలు పాడతారు. ఎందుకంటే పాట పెరిగినప్పుడల్లా పాడినవాళ్ల పేరు మైకులో పిలుస్తారు. కొనేది కాయను కాదు, ఆ పిలుపును. ఇది నేను ఎప్పుడో రాశాను కూడా.

వాట్సాప్‌లో వీడియో వచ్చింది. మైకు దగ్గర గుమ్మడికాయ పట్టుకుని సంఘ పెద్ద పేతురు. ఇటువైపు కాంట్రాక్టర్ శాంతి కుమార్, కొడుకు దుబాయిలో ఉంటాడు. అటువైపు ఎవరా అని చూస్తే నా చెల్లెలు. ఎడమ చేతిలో ఫోన్ నిలబెట్టి పట్టుకుంది, కుడి చెయ్యి పైకెత్తింది. వీడియో తీసుకుంటూ పాట పాడుతోంది, ఎంత సంబరమో.

"ఇంగ్లండు లిడియా పేరు మీద డెబ్బై ఐదు. శాంతన్నా, ఏమంటవ్? శాంతన్న సల్లవడ్డడు. లిడియా పేరు మీదనే ఎనభై!"

తనమీద తనే ఐదు వేలు పెంచింది. చప్పట్లు.

ఎనభై వేలు.

24 నవంబర్, సోమవారం

సెలవు పెట్టి మొదటి బస్సుకే ఊరికి పోయాను.

నేను పోయేసరికి రూతమ్మ గుమ్మడికాయ కోసి వాడకట్టుకంతా పంచింది. నాకూ కూర వడ్డించింది. తిన్నాను. కోపంలో నాకు ఆకలెక్కువ.

ఆ డబ్బు ఎక్కడిది అని అడిగాను. ఫీజులోదే. ఆదివారమే పేతురు ఫోన్‌కు పంపేసిందట. ఫీజు ఎట్లా కడతావంటే దేవుడు చూస్తాడంది. దేవుడు ఏ బ్యాంకులో కడతాడో చెప్పు, పోయి లైన్లో నిలబడతానన్నాను. దానికి ఆమె నన్ను ఓ చూపు చూసింది.

"అన్నా, నువ్వు ముప్పై ఏండ్ల సంది పేపర్ల రాస్తున్నవ్. గా రాతలతోని ఎవల కడుపన్న నిండిందా?"

నేను అన్న మాటలు ఇక్కడ రాయను. కొన్ని బాగానే ఉన్నాయి, వ్యాసానికి పనికొస్తాయి. కొన్ని చెల్లెలితో అనేవి కావు. ఎంత అన్నా ఒకటే మాట. నా ఇష్టం, నా బిడ్డ పేరు మీద నేను పాడుకున్న. ఎందుకు అని ఎన్నిసార్లు అడిగినా చీర కొంగుతో గిన్నె తుడుస్తూనే ఉంది.

పేతురు దగ్గరికి పోయాను. డబ్బు వాపసు రాదట, చర్చి పైకప్పు రేకులకు అడ్వాన్స్ ఇచ్చేశారట. సారూ, మీ చెల్లె చెయ్యి లేపింది, నేను పేరు పిలిచిన, గంతే గదా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే మరీ మండింది.

25 నవంబర్

రాత్రంతా రాసి పొద్దున పత్రికకు పంపాను. "రేకుల కింద దేవుడు, రోడ్డు మీద చదువు." రెండు వేల మాటలు. రూతమ్మ పేరు రాయలేదు. "ఒక అమాయక తల్లి" అని రాశాను. చాలా రోజుల తర్వాత ఇంత బాగా కుదిరింది.

27 నవంబర్, గురువారం

లిడియా ఫోన్.

"మామా, అమ్మను తిట్టకు. గా పాట నాది."

ఆదివారం తనకు నైట్ డ్యూటీ దిగే వేళ. అక్కడ తెల్లవారుతోంది, ఇక్కడ హర్రాజు నడుస్తోంది. రూతమ్మ చేతిలో ఫోన్ వీడియో తియ్యడానికి కాదు, కూతురు చూడ్డానికి. ముప్పై వేల దగ్గర రూతమ్మ చెయ్యి దించేసిందట. వద్దు బిడ్డా అందట. పాడు అమ్మా, పాడు అని తనే అందట. డెబ్బై ఐదు దాకా తనే అందట. శాంతి కుమార్ ఆగాక, ఇంకొక్కసారి అందట.

పిచ్చి పట్టిందా అని అడిగాను.  

"ఈడ నన్ను ఏజెన్సీ అంటరు మామా. ఏజెన్సీ నుంచి వచ్చిన కదా, గందుకు. ఏజెన్సీ, ఇటు రా. ఏజెన్సీ, ఆ దుప్పటి మార్చు. గదిల నలుగురికి నాలుగు షిఫ్టులు, ఒకరి మొకం ఒకరు సూడం. నా పేరు ఎవలన్న పిలిచి ఎన్ని దినాలైందో. ఆడ పేతురు తాత మైకుల పిలుస్తుంటే..."



తర్వాత మామూలు గొంతుతో అంది, రెస్టారెంట్ వాడికి వస్తానని చెప్పిందట. ఆదివారం నుంచి. ఫీజుకు తగ్గినదంతా పోగయ్యేదాకా గడువు అడుగుతుందట. ఇయ్యకపోతే? ఇయ్యకపోతే చూద్దాం మామా అంది. దొరికితే? దానికీ అదే మాట.



28 నవంబర్

వ్యాసం ఈ ఆదివారం వేస్తామని ఎడిటర్ ఫోన్ చేశాడు. ఆపమన్నాను. ఎందుకన్నాడు. గణాంకాల్లో తప్పుంది అన్నాను.

మా నాయనమ్మ నాగవ్వను దొర గడీలో "ఏయ్" అనేవారట. చర్చిలో "నాగమణెమ్మ గారూ" అని పిలిచారట, మొదటి రోజే. ఇంటిల్లిపాదికీ తెలిసిన ముచ్చట. నా వ్యాసాల్లో మిషన్ల మీద, భూముల మీద, విదేశీ నిధుల మీద ఉంది. ఇది లేదు. అచ్చు వేయదగిన వాదన అని నాకు ఎన్నడూ అనిపించలేదు. ఇప్పుడూ అనిపించడం లేదు. అయినా నిద్ర పట్టదు.

29 నవంబర్, శనివారం

పుస్తకం డబ్బులోంచి ఎనభై వేలు రూతమ్మ ఖాతాకు పంపాను. ఫీజు సోమవారం బ్యాంకు తెరవగానే పంపాలని చెప్పాను. రెస్టారెంట్‌కు పోతే మళ్లీ నాతో మాట్లాడొద్దని లిడియాకు మెసేజ్ పెట్టాను. ప్రెస్ వాడు పుస్తకం ఎప్పుడు సారూ అన్నాడు. వచ్చే ఏడాది అన్నాను. పోయిన ఏడూ అట్లనే అన్నరు సార్ అన్నాడు.

4 డిసెంబర్

ఫీజు ముట్టింది. "పెయిడ్ మామా. రెస్టారెంట్ వాడికి రానన్నా." ఇంకేం రాయలేదు.

నేను మంచివాణ్ణని అనుకోవడానికి వచ్చే ఆదివారం ఒక రోజు కేటాయించుకున్నాను.

7 డిసెంబర్, ఆదివారం

ఆ ఒక్క రోజు సుఖం కూడా దక్కలేదు.

రూతమ్మ ఇవాళ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. తనే ఫోన్ చేసి, గొప్పగా, అక్షరం పొల్లు పోకుండా నాకు అప్పజెప్పింది. పంటల పండుగకు దేవునికి ఎనభై వేలు ఇచ్చిందట. వారం తిరక్కుండా దేవుడు సరిగ్గా ఎనభై వేలూ తిరిగి పంపాడట. దేవుడు తనను నమ్మినోళ్ల చేతి నుంచే కాదు, నమ్మనోళ్ల చేతి నుంచి గూడ ఇప్పిస్తడు, మా అన్నే దానికి సాక్షి అందట. సంఘమంతా హల్లెలూయా.

నేను దాచిన డబ్బు. భక్తి మార్కెట్ మీద పుస్తకానికి దాచిన డబ్బు. అచ్చు కాకముందే దానికి ఇంత ఘోరమైన సమీక్ష వచ్చింది. నీకు సిగ్గు లేదా అని అరిచాను. నీ పేరు నిలబెట్టిన గదా అన్నా అంది, నిజంగా ఆశ్చర్యపోయి. వచ్చే ఆదివారం నా కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారట. నన్ను రమ్మంది. ఫోన్ పెట్టేశాను.

లిడియా అదంతా లైవ్‌లో చూసిందట. నవ్వే బొమ్మలు ఆరు పంపింది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్లయిందో అన్న ఆలోచన వచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది, ఆ ఆలోచన మీద.

14 డిసెంబర్, ఆదివారం

బండి మీద ఊరికి పోయాను. చర్చి గోడ బయట ఆపాను, లోపలికి పోలేదు. పోను. మైకులో జబ్బుపడ్డవాళ్ల పేర్లు చదివారు, పరీక్షలు రాసేవాళ్లవి చదివారు. నా పేరు వచ్చేదాకా ఉన్నాను.

వచ్చింది. బండి తిప్పాను.