బావ చేతిలో మోగని కారు

సూర్యాపేట

మిర్యాలగూడలో ఉన్న మా వీరేశం బావకు,

బామ్మర్ది జవహర్ నమస్కారాలు. ఇక్కడ నేనూ ఊర్మిళా బాగానే ఉన్నాం, బట్టల దుకాణం కూడా బాగానే నడుస్తోంది. నీ గొంతు ఎట్లా ఉంది? ఆపరేషన్ చేసి గొంతులో కాయ తీసేశాక, తాను మళ్లీ చూసేదాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దని డాక్టర్ అన్నప్పుడు అక్క నన్ను పక్కకు పిలిచి, "ఈయనతోని అయితదారా తమ్మీ?" అని అడిగింది. ఎవరు ఫోన్ చేసినా నువ్వు జవాబు చెప్పకుండా ఉండలేవని ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసిందట. మంచి పనే చేసింది. ఇక మనకు ఉత్తరాలే గతి. బిల్లులు తప్ప ఏదీ రాసి చాలా ఏండ్లయింది, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

అసలు సంగతికి వస్తాను. మిల్లులకు వడ్ల బేరాలు కుదిర్చేవాడికి మాటే లేకపోతే కారెందుకని పలక మీద రాసి చూపించి, నీ చిన్న కారు నాకిచ్చి పంపావు. తొక్కితే పోతోంది, ఆపితే ఆగుతోంది. కానీ బావా, మోగుతోంది. డాష్‌బోర్డులో టకటక, ఎడమ తలుపులో గలగల, వెనక అద్దం కింద సామాన్లు పెట్టే పలక దగ్గర కిర్రు కిర్రు. ఇంజన్ చప్పుడు కాదు, అది పిల్లిలాగా ఉంది. ఇదంతా లోపలి సంగీతం.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఈ కారులో నీ పక్కన కూర్చొని ఎన్ని పెండ్లిళ్లకు, ఎన్ని చావులకు పోలేదు? ఒక్కనాడూ ఈ చప్పుడు వినలేదు. నువ్వు ఎక్కడన్నా ఏదన్నా కట్టేవాడివా, దోపేవాడివా? ఆ కిటుకు రాయి.

నీ
జవహర్

తా.క. ఊర్మిళ నన్ను నెమ్మదిగా నడపమంది. నడిపాను. చప్పుడు కూడా నెమ్మదిగా, చాలాసేపు వచ్చింది.

*

మిర్యాలగూడ

బామ్మర్ది జవహర్‌కు,

దీవించి రాస్తున్నాను, అయినా ఈసారి సగమే దీవిస్తున్నాను. నా కారు మోగుతోందా? తిరుపతికి పోయింది, యాదగిరిగుట్టకు పోయింది, కాలువ గట్ల మీద, గుంతల రోడ్ల మీద మిల్లు మిల్లుకు తిరిగింది. నా చేతిలో ఒక్కనాడు కిక్కురుమనలేదు. కావాలంటే మీ అక్కను అడుగు. నేను పలక మీద రాసి అడిగితే ఆమె నవ్వి వంటింట్లోకి పోయింది, అంటే ఔననే కదా.

చప్పుడు కారులో లేదు, నడిపే చేతిలో ఉంది. నువ్వు దుకాణం షట్టర్ లాగినట్టు తలుపు వేస్తావు. టైర్లలో గాలి చూసుకో. సీటు బెల్టు కొక్కెం ఊగుతోందేమో చూడు. నీ జేబులో తాళంచెవుల గుత్తి ఉంటుంది, అది కూడా చూడు.

ఇంకొక మాట. బామ్మర్దికి పాత డబ్బా అంటగట్టాడని రేపు ఎవరన్నా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? మార్కెట్‌లో నా మాట మీద లారీలు కదిలేవి. ఆ మాట ఇప్పుడు లేదు, కనీసం పేరన్నా ఉండనియ్యి.

నీ బావ
వీరేశం

తా.క. మాట్లాడకుండా ఉండటం సులువే. మాట్లాడేవాళ్ల తప్పులు దిద్దకుండా ఉండటమే కష్టం. నిన్న టీవీలో వార్తలు చదివే అమ్మాయికి పలక చూపించబోయాను.

*

సూర్యాపేట

బావకు నమస్కారాలు.

తాళంచెవుల గుత్తి ఇంట్లో పెట్టి నడిపాను. గాలి చూపించాను. కొక్కేనికి గుడ్డ చుట్టాను. అయినా మోగుతోంది.

సరుకు కోసం కోదాడ పోతూ ఊర్మిళను వెంటబెట్టుకొని పోయాను. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడానికి ఆమె వెనక సీట్లో పడుకొని తలుపుకు చెవి ఆనించింది. మునగాల దగ్గర ధాబా ముందు ఆపితే ఒకాయన పరుగున వచ్చి, "ఏ దవాఖానకు తీస్కపోతున్నరు అన్నా, జర నీళ్లు తాపమంటవా?" అన్నాడు. ఊర్మిళ కండ్లు తెరవకుండానే ఎడమ తలుపే అని చెప్పింది. ఆయన భయపడి వెనక్కి పోయాడు.

ఇంటికొచ్చి తలుపు లోపలి ప్యాడ్ ఊడదీశాను. ఏం దొరికిందో తెలుసా? వడ్లు. మిల్లులకు చూపించడానికి నువ్వు పట్టుకుపోయే శాంపిళ్లలోంచి అద్దం సందున జారినట్టున్నాయి. సన్నవీ దొడ్డువీ కలిసి దోసెడు వచ్చాయి. వాటిని పళ్లెంలో పోసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను బావా. నువ్వు గింజను గోటితో ఒలిచి, పంటి కింద పెట్టి, ఇది ఏ కాలువ కింద పండిందో చెప్పేవాడివి. ఆ రైతు తాత కథ, ఆ కాలువకు నీళ్లు మొదటిసారి వచ్చిననాటి కథ అన్నీ దాని వెంట వచ్చేవి. కోదాడ వచ్చినా కథ అయ్యేది కాదు, పెండ్లింటి ముందు కారాపి మిగతాది చెప్పేవాడివి. లోపల తలంబ్రాలు అయిపోయేవి.

వడ్లు తీశాక గలగల పోయింది. టకటకకు నేనే ఉపాయం కనిపెట్టాను. పసుపు పెట్టిన పెండ్లి పత్రికలను చెత్తలో వేయలేం కదా, మా బీరువా మీద కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఈ కాలపు పత్రికలు అట్టల్లాగా మందంగా ఉంటాయి. మంచిది ఒకటి ఏరి, మడిచి, డాష్‌బోర్డు సందులో దోపాను. ఆ మూల నోరు మూసుకుంది. ఇక నాకు చేతులాగలేదు. ఇప్పుడు కారులో మన చుట్టాలంతా ఉన్నారు.

నీ
జవహర్

తా.క. పత్రికలు దోపాక కారులో పోతుంటే, తోవలో మీ పాలివాడు, త్రిపురారం గౌరయ్య కనబడితే ఎక్కించుకున్నాను. మొదట బాగానే మాట్లాడాడు. తర్వాత డాష్‌బోర్డు వైపు చూసి, ఉలుకూ పలుకూ లేకుండా మధ్యలోనే దిగిపోయాడు. ఒంట్లో బాగా లేదేమో, కనుక్కో.

*

మిర్యాలగూడ

జవహర్‌కు,

గౌరయ్య ఒంట్లో బాగానే ఉంది. చెడింది నా బతుకే.

నిన్న పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "నా బిడ్డ లగ్గం పత్రిక నీ కారు సందుల కుక్కనీకి పనికొచ్చిందా అన్నా?" అన్నాడు. ఆ కారు నాదని ఈ తాలూకా అంతటికీ తెలుసు. నడిపింది నువ్వైనా పని నాదేనని అతని నమ్మకం. నేనేం చెప్పగలను? కాదని చేయి ఊపాను. పొమ్మంటున్నానని అనుకున్నాడు. తప్పయిందని రెండు చేతులూ జోడించాను. "దండం పెట్టి సాగనంపుతున్నవా?" అన్నాడు. పరుగెత్తి పలక తెచ్చి అంతా రాసి చూపిస్తే, కండ్లద్దాలు తేలేదని చదవకుండానే పోయాడు. మీ అక్క పాలకు పోయింది, ఇంట్లో చెప్పేవాళ్లే లేరు.

ఎంతమంది పాలివాళ్ల తగువులు ఈ నోటితో తీర్చానో నీకు తెలుసు. నిన్న ఒక్క మాటతో తెమిలేదానికి గోడలా నిలబడ్డాను. నీ ఉత్తరంలో కాలువ కథల గురించి రాశావు. చదివి లోపలికి పోయి కూర్చున్నాను. వచ్చేవారం హైదరాబాద్‌లో డాక్టర్‌కు చూపించుకోవాలి. గొంతు వస్తుందో రాదో ఆ రోజు చూస్తేగాని చెప్పలేనన్నాడు. నాకు భయంగా ఉంది. ఈ సంగతి మీ అక్కతో అనకు.

కారు తెచ్చి నా వాకిట్లో పెట్టు. ఏండ్ల తరబడి గుట్టుగా ఉన్న కారును నీ చేతిలో పెట్టినందుకు నా చుట్టాలందరినీ దాంట్లో కుక్కావు. నోరు మూసుకుందని కూడా రాశావు. ఆ మాట ఇంకెక్కడన్నా వాడుకో, నాకు రాయకు.

వీరేశం

తా.క. నీ పెండ్లి పత్రిక మా ఇంట్లో ఇంకా ఉంది. వంటింటి బల్లకు ఒక కాలు పొట్టి. ఆలోచిస్తున్నాను.

*

సూర్యాపేట

బావకు, తప్పంతా తనదేనని ఒప్పుకుంటూ జవహర్ నమస్కారాలు.

నేనూ ఊర్మిళా త్రిపురారం పోయి వచ్చాం. కారు నాదని, చేయి నాదని, మా బావకు ఏమీ తెలియదని గౌరయ్యకు చెప్పాను. నమ్మలేదు. కారులో కూర్చోబెట్టి ఊరు చుట్టూ తిప్పాను. తన బిడ్డ పత్రికను తానే పీకి చేతిలో పట్టుకున్నాడు. టకటక మొదలైంది. కాసేపు విన్నాడు, మొహం చిట్లించాడు, "పెట్టు పెట్టు, పాణం పోతున్నది" అని తానే మళ్లీ దోపాడు. నిన్ను ఊరికే అన్నానని బాధపడ్డాడు కూడా. కానీ ఊర్మిళ ఊరుకోలేదు. ఇంటికొచ్చాక ఆ పత్రికతో సహా అన్నీ తీయించి దేవుని అరలో పెట్టించింది. కారు మళ్లీ ఎప్పటిలాగే మోగుతోంది.

మరునాడు కోదాడలో కార్ల లోపలి పనులు చేసే రాజు దగ్గరికి తీసుకుపోయాను. డోర్ ప్యాడ్లు, డాష్‌బోర్డు అన్నీ విప్పి చూశాడు. ప్యాడ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు చాలావరకు విరిగిపోయాయట, వడ్లు తీసినా తలుపులు మోగేది అందుకేనట. కొత్తవి తెప్పిస్తానన్నాడు, వారం పడుతుంది. నేను తలుపు గట్టిగా వేయడం వల్లనేనా అని అడిగాను. "కాదండీ, ఇరిగినచోట దుమ్ము ఎట్లా పేరుకుపోయిందో చూడండి. ఇవి ఏళ్ల కిందటే పోయినయ్" అన్నాడు.

ఏండ్ల కిందటే, బావా. అప్పుడు నడిపింది నువ్వు. అంటే నీ చేతిలో ఉన్నప్పుడూ ఇది మోగాలి. నీకేమో వినబడలేదంటావు. పక్కన కూర్చున్న నాకూ వినబడలేదు. మనిద్దరికీ ఒకేసారి చెవుడు వచ్చి ఒకేసారి పోదు కదా. నువ్వు ఏదో దాస్తున్నావని ఊర్మిళ అంటోంది. నేను అనడం లేదు, కానీ ఆమెను కాదని కూడా అనలేదు.

నువ్వు చెప్పినట్టే కారు తెచ్చాను. నువ్వు మధ్యాహ్నం పడుకొని ఉన్నావు. లేపితే మాట్లాడాలనిపిస్తుందని తాళంచెవీ ఈ ఉత్తరమూ అక్క చేతిలో పెట్టి, బస్సెక్కి వెళ్తున్నాను. డాక్టర్ దగ్గరికి నీ కారులోనే పో. ఏమీ కాదు బావా. మళ్లీ నీ కథలకు తలంబ్రాలు తప్పిపోవాలి.

నీ
జవహర్

తా.క. భయం సంగతి నేను అక్కకు చెప్పలేదు. అయితే నీకొచ్చే ఉత్తరాలు, నీ దగ్గర నుంచి పోయే ఉత్తరాలు అన్నీ ముందు అక్కే విప్పి చదువుతుంది. నీకు తెలియదా?

*

మిర్యాలగూడ

తమ్ముడు జవహర్‌కు, మరదలు ఊర్మిళకు, అక్క సరోజన దీవెనలు.

మీ బావ రాస్తానన్నాడు. సిగ్గుపడి పెన్ను నాకిచ్చాడు.

నిన్న తెల్లవారాక హైదరాబాద్ బయల్దేరాం. ఆయనే నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. బస్టాండు దాటేలోపే కారు మొదలుపెట్టింది. ఆయన కారాపి దిగి కిందికి చూశాడు, డిక్కీ తెరిచి చూశాడు. మళ్లీ ఎక్కి పోనిచ్చాడు. మళ్లీ అదే. నా వైపు తిరిగి, ఆ చప్పుడు నేనే చేస్తున్నట్టు కండ్లెగరేశాడు. నాకు నవ్వాగలేదు. పక్కకు ఆపి పలక తీసి, ఎప్పటినుంచి అని రాశాడు. నాకు నోరున్నది కదా, అయినా ఎందుకో పలకే తీసుకొని, కొన్న ఏడాది నుంచి అని రాసిచ్చాను.

నిజమే తమ్మీ. ఆ కారు అప్పటినుంచీ మోగుతూనే ఉంది. మీకెందుకు వినబడలేదంటే, దానికి ఆయన సందిచ్చాడా? తాళం తిప్పిన కాడి నుంచి ఆయన గొంతే కారంతా. నువ్వేమో నోరు తెరుచుకొని వినేవాడివి. ఆయన టీ తాగడానికి దిగి, నేను కారులోనే కూర్చున్నప్పుడు, పక్కన లారీ పోతే అంతా గలగలమనేది. చెప్దామనుకునేదాన్ని. ఆయన ఎక్కగానే చెప్పే సందు దొరికేది కాదు.

ఆయన ఒక్క ఘడియ ఊరుకుంటే బాగుండని ఎన్నిసార్లు అనుకున్నానో. ఊరుకున్నాక తెలిసింది. ఇన్ని రోజులూ వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడుకు కూడా నాకు భయమేసేది. ఆయన భయపడుతున్నాడని ఆయన ఉత్తరంలో చదివిన రోజు నేను అన్నం తినలేదు.

డాక్టర్ చూశాడు. చెడ్డదేమీ లేదన్నాడు. ఇక మాట్లాడమన్నాడు. ఆయన నా మొహం చూసి, "సరోజనా" అన్నాడు. అంతే తమ్మీ, నేను అక్కడే ఏడ్చాను. కానీ అది పాత గొంతు కాదు. సన్నగా, గాలి కలిసినట్టు వచ్చింది. ఇకముందు ఇంతే వస్తుందని, గట్టిగా అరవొద్దని, ఎక్కువ మాట్లాడొద్దని, బేరాల జోలికి పోవద్దని డాక్టర్ చెప్పాడు. ఆయన తలూపాడు. బయటికొచ్చి, "ఇగ గింతే ఉంటదట" అన్నాడు. ఇది చాలు అన్నాను. నాకు నిజంగానే చాలు.

తిరుగు ప్రయాణంలో మాట్లాడుతూనే వచ్చాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, నాకేమో డాష్‌బోర్డు వినబడుతోంది. దగ్గరికి జరిగాను, తలుపు అందుకుంది. నార్కట్‌పల్లి దాటాక నా వైపు చూసి ఏదో అన్నాడు. వినబడలేదు. ఏమన్నవని అడిగితే, డాక్టర్ ఎక్కువ మాట్లాడొద్దన్నాడు కదా అని నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక అడిగినా చెప్పడం లేదు, మరిచిపోయానంటున్నాడు. అబద్ధం.

ఆ రాజు కొత్త క్లిప్పులు ఇచ్చాడా? ఇస్తే తీసుకొని నువ్వూ ఊర్మిళా తొందరగా రండి. తలుపులు, డాష్‌బోర్డు, వెనక పలక, ఒక్క మూల కూడా మిగలకుండా బిగించి పో. మళ్లీ అదే తోవన పోదామని ఆయనతో అంటాను. ఈసారి ఆయన ఏమంటాడో నాకు వినబడాలి.

మీ అక్క
సరోజన

తా.క. "జవహర్‌కు తప్పయిందని రాయి, గట్టిగ మాత్రం రాయకు" అంటున్నాడు మీ బావ. ఇదిగో, సన్నగా రాశాను.