బడి ఎందుకు మూశారంటే

అకామెలెన్,
ఆదివారం.

మహారాజశ్రీ బిబాంగ్ గారికి అవొమో నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమమే. మీ క్షేమం అడగను. లీబ్రవిల్ వెళ్ళి, బాగులేక తిరిగొచ్చినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

మీ ఉత్తరం లారీ డ్రైవరు ఇచ్చాడు. మీ అమ్మగారి మోకాలు ఎలా ఉందన్నారు, తగ్గింది. కప్పు కారుతోందా అన్నారు, కారుతోంది. కోకో తోట సగం అడవిలో కలిసిపోయింది. దేశంలో జనమంతా మీ పట్నానికీ, చమురు పట్నానికీ చేరితే ఇక్కడ కత్తి పట్టేదెవరు? మన వరసలో పొయ్యి వెలిగే ఇళ్ళు మూడే.

బడి ఎందుకు మూశారని గట్టిగా అడిగారు. ఊరిపెద్ద ఎస్సోనో తాగి తప్పు లెక్క రాయించాడని తిట్టారు. ఆయన తాగుతాడు గానీ ఈ పాపం ఆయనది కాదు. జనాభా లెక్కలకు వస్తున్నారని తెలిసి పట్నంలో మనవాళ్ళందరికీ కబురంపాడు. "ఒక్కరోజు వచ్చి మీ మీ ఇళ్ళలో పడుకోండ్రా, ఊరు నిలబడుతుంది" అన్నాడు. ఎవరూ రాలేదు. మీరూ రాలేదు. మిమ్మల్ని అక్కడి లెక్కల్లో, మీరు చేరదీసిన ఆవిడ ఇంటికి యజమానిగా రాసుకున్నారని మీ తమ్ముడే చెప్పాడు. సంతోషం.

బడి ఉండాలంటే ఇంతమంది పిల్లలుండాలని ఒక అంకె ఉందట. ఆ జనాభా లెక్కలో దానికి ముగ్గురు తక్కువయ్యారు.

ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు, ఆ తక్కువ మన ఇంటిదే. లెక్కలు రాసే అమ్మాయి గుమ్మంలో నిలబడి "అక్కా, నీకెంతమంది పిల్లలు?" అంది. కన్న పిల్లల్ని అంకెపెట్టి చెప్పకూడదని పెళ్ళినాడే మీ అమ్మగారు నాకు చెప్పారు. ఒకసారి మరిచిపోయి సంతలో చెప్పాను. ఆ వానల్లోనే చంటిది పోయింది. అప్పుడూ మీరు లీబ్రవిల్‌లోనే ఉన్నారు. అందుకే ఆ పొద్దున పిల్లల్ని కర్రపెండలం తోటకు తోలేశాను.

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

ఆరేసిన బుల్లి చొక్కాలు చూసింది. "మరి ఇవెవరివక్కా?"

"నావే."

"చిక్కిపోయావు పాపం" అని నవ్వి, సున్నా చుట్టుకుని పోయింది.

పిల్లల్ని కాపాడుకున్నాననుకున్నాను. నెలలు గడిచాక పంతులు బడికి తాళం వేసి, ఆ లారీలోనే వెళ్ళిపోయాడు. ఇప్పుడు చదువు కావాలంటే మీ దగ్గరికే రావాలి. "అక్కడ ఆవిణ్ణి ఏమని పిలవాలమ్మా?" అని అడిగింది పెద్దది. "కూడు పెడితే అమ్మా అనే పిలువు" అన్నాను. అన్నాక నా నోటిమీద నాకే రోత పుట్టింది.

ఎంతమందిని పంపుతున్నావు, చాపలు కొనాలి అని రాశారు. మంగళవారం లారీకి అందర్నీ పంపుతున్నాను. ఇంక దిష్టి తగలడానికి నా దగ్గర ఎవరుంటారు గనక. అంకె కింద రాశాను, ఆవిడకు చూపించండి.

ఇట్లు,
మీ నలుగురు పిల్లల తల్లి,
అవొమో